తుపాకీ మందూ పుట్టు వెంట్రుకలూ

నేను ఇంతవరకు తుపాకీ పేల్చలేదు. పేల్చాలన్న కోరికా లేదు. దీపావళికి చిచ్చుబుడ్డి అంటించి, అది వెలిగిందో లేదో చూడకుండానే గోడ వెనక్కి పరుగెత్తే రకాన్ని. అలాంటివాణ్ని రియాద్ బయట, ఎడారి మొదలయ్యేచోట ఉన్న ఒక షూటింగ్ క్లబ్బులో రెండేళ్లకు పైగా పిస్తోలు తూటాల్లోకి మందు తూచి పోశాను. ఏ మందు పోస్తే గుండు ప్రతిసారీ ఒకే చోట తగులుతుందో తేల్చే మహాపరిశోధనలో నేను రెండో మనిషిని.

మొదటి మనిషి మా ముదీర్. ముదీర్ అంటే మేనేజరు. ఆ క్లబ్బు ఆయనదే, నా కఫీలూ ఆయనే. అంటే నేను ఆ దేశంలో ఉండాలన్నా, ఇంటికి పోయి రావాలన్నా ఆయన ఒప్పుకోవాలి. సైన్యంలో పెద్ద ఉద్యోగం చేసి దిగిన మనిషి. డెబ్బైకి దగ్గరపడ్డా నడుము వంగలేదు. పాదాల దాకా తెల్లటి తోబు, దాని జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం. మనసు మంచిది. పిచ్చి మాత్రం పిస్తోలు పిచ్చి, అందులోనూ మందు పిచ్చి. బజారులో దొరికే తూటాలు ఆయనకు హోటలు తిండితో సమానం. కాల్చిన ఇత్తడి గొట్టాలను కడిగించి, కొత్తగా మందు పోయించి, గుండు బిగించి, తన చేతికి నచ్చినట్టు తయారు చేయించుకునేవాడు. అందుకు లైసెన్సు, ఇనప అల్మారా, రెండు తాళాలు, ఒక రిజిస్టరు, అన్నీ పద్ధతిగా ఉండేవి.

నా ఇఖామా నివాస కార్డు మీద 'ఆమిల్' అని ఉండేది, కూలి అని అర్థం. అంతకుముందు జగిత్యాల దగ్గర మా ఊళ్లో పదిహేనేళ్లు కిరాణా కొట్టు నడిపాను. ఊరి బయట రోడ్డు మీద పెద్ద దుకాణం ఒకటి వెలిసి, గిరాకీ అంతా అటు మళ్లాక, కొట్టు మూసి విమానం ఎక్కాను. క్లబ్బులో మొదట నాకిచ్చిన పని ఖాళీ గొట్టాలు ఏరడం, చట్రాలకు గురికాగితాలు అంటించడం, గుళ్లను ఆపే ఇసుకకట్ట గాలికి కదిలితే పారతో సర్దడం. ఒకరోజు మంచినీళ్లకని మందు గదిలోకి పోతే, ముదీర్ కాంటా ముందు కూర్చుని చెంచాతో తంటాలు పడుతున్నాడు. కీళ్లనొప్పులు. వేళ్లు మాట వినవు. ఒక గింజ ఎక్కువ, రెండు గింజలు తక్కువ, మళ్లీ మొదటికి. కాంటా ముందు ఎవరైనా తడబడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. "బాబా, ఇటివ్వు" అని చెంచా లాక్కున్నాను. చూపుడువేలితో దాని అంచును తడుతూ గింజగింజగా రాల్చి, కాంటా మీది అంకె ఆయన చెప్పినచోట ఆగేలా చేశాను. పది గొట్టాలు పది నిమిషాల్లో అయిపోయాయి.

"ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు.

"దుక్కాన్," అన్నాను. అరబ్బీలోనూ దుకాణాన్ని అదే అంటారు కాబట్టి అక్కడికి సరిపోయింది. ఆయన అరబ్బీ, నా అరబ్బీ కలిస్తే ఏ భాష అవుతుందో నాకు తెలియదు. అర్థాన్ని మాత్రం ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆ రోజుతో పార పోయి చెంచా వచ్చింది. నేను పొంగిపోయాను. మందు గదికి రాత్రీ పగలూ ఏసీ ఉండేది. మేం పడుకునే గదిలో ఏసీ చెడిపోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. మధ్యాహ్నాలు మందు డబ్బాల పక్కన నేల మీద నడుం వాల్చి, వాటి పుణ్యాన చల్లగాలి పీల్చుకునేవాణ్ని.

ఇప్పుడు నా బాధ చెప్పాలి. నేను విమానం ఎక్కేటప్పటికి నా భార్యకు ఐదో నెల. కాన్పు కష్టమవుతోందని ఫోను వచ్చిన రోజు, ఇక్కడ గొట్టాలు ఏరుతూనే వేములవాడ రాజన్నకు మొక్కుకున్నాను. తల్లీబిడ్డా క్షేమంగా బయటపడితే, బిడ్డను నా ఒళ్లో కూర్చోబెట్టుకుని పుట్టు వెంట్రుకలు తీయిస్తానని. ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ బాగున్నారు, రాజన్న తన మాట నిలబెట్టుకున్నాడు. నిలబెట్టుకోవలసింది ఇక నేనే. మొక్కింది నేను, ఒడి నాది, కాబట్టి నేను లేకుండా జరగడానికి వీల్లేదు. పుట్టు వెంట్రుకలు మొదటి ఏడు తీయాలి, తప్పితే మూడో ఏడు. మధ్యలో సరి ఏళ్లు పనికిరావు. మొదటి ఏడు నాకు సెలవు హక్కే లేదు. మూడో ఏడు దసరా పోయిన వారానికి నిండిపోతుంది. అది దాటితే ఐదో ఏడు దాకా ఆ పిల్ల తలకు కత్తెర తగలకూడదు.

ఈలోపు జుట్టు ఊరుకుంటుందా? మా అత్తగారి వైపు వాళ్లది గడ్డి పెరిగినట్టు పెరిగే జుట్టు. మూడేళ్లు నిండని పిల్లకు వీపు సగం దాకా రెండు జడలు. శుక్రవారం మధ్యాహ్నాలు నేను రియాద్‌లోని మలాజ్‌లో మా ఊరివాళ్లున్న గదికి పోయి వీడియో కాల్ చేసేవాణ్ని. తెరలో ముందు జడలు కనిపించేవి, వాటి మధ్య ఎక్కడో మొహం ఉండేది.

"ఏమయ్యా, బిడ్డకు పేన్లు వడ్డయి," అనేది నా భార్య. "దువ్వుదామంటే ఊరంత ఇనవడేటట్టు ఒర్లుతది. ఇగ నువ్వు అస్తవా, ఆ తుపాకులతోటే కాపురం జేస్తవా?"

"అస్తనే. ఈ డబ్బ ఒక్కటి తేలిందంటే అయిపాయె."

"పోయిన నెల గూడ గదే అంటివి."

అన్నమాట నిజమే. నేను సెలవడిగిన ప్రతిసారీ ముదీర్ ఒకే మాట చెప్పేవాడు. "మందు తేలనీ. తేలిన రోజే నీ ఖురూజ్ ఔదా." ఖురూజ్ ఔదా అంటే ఇంటికి పోయి తిరిగి రావడానికి కఫీలు ఇచ్చే అనుమతి. అది లేకుండా విమానాశ్రయం దాకా పోయినా గాలి పీల్చుకుని వెనక్కి రావడమే. సెలవు నాకు ఎప్పుడో రావలసింది. మందు తేలకపోవడం వల్ల ఆగింది.

మందు తేలడం అంటే ఏమిటో ఆయన నాకు ఎన్నోసార్లు పాఠం చెప్పాడు. "మంచి మందంటే పెద్దగా పేలేది కాదు. ప్రతిసారీ ఒకేలా మండేది. ఇవాళ గుండును ఎంత తోసిందో రేపూ అంతే తోయాలి. ఎండకు మారకూడదు. గొట్టంలో ముందుకు జారినా, వెనక్కి జారినా మారకూడదు." అలాంటి మనుషులే దొరకడం లేదు, మందు ఎక్కడినుంచి దొరుకుతుందని నాకు అనిపించేది. పైకి "తమామ్ బాబా", బాగుంది బాబా అనేవాణ్ని.

పద్ధతి మాత్రం పక్కాగా ఉండేది. అదే పిస్తోలు, అదే గుండు, అవే గొట్టాలు, మందు ఒక్కటే మారుతుంది. పది తూటాలు కాలుస్తాడు. కాగితం మీద అన్నిటికన్నా దూరంగా ఉన్న రెండు రంధ్రాల మధ్య ఎంత ఎడముందో భూతద్దం పెట్టి కొలుస్తాడు. నేను నోట్‌బుక్కులో రాస్తాను. నాకు వచ్చింది తెలుగే కాబట్టి తెలుగులోనే రాసేవాణ్ని. తనకు ఒక్క ముక్క అర్థం కాని ఆ పేజీ కింద ఆయన గంభీరంగా సంతకం పెట్టేవాడు.

డబ్బాల మీది ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు నాకు గుర్తుండేవి కావు. నేను నా కొట్టు పేర్లు పెట్టుకున్నాను. మొదటిది బొంబాయి రవ్వ. రెండోది చాయ్‌పత్తి. మూడోది గసగసాలు. ఈ దేశంలోకి గసగసాలు తెస్తే జైలు. మసాలాకని తెచ్చుకుని పట్టుబడ్డవాళ్ల కథలు మలాజ్ గదిలో ప్రతి శుక్రవారం చెప్పుకుంటారు. గసగసాల్లాంటి తుపాకీ మందుకు మాత్రం ఏసీ గదీ రాజమర్యాదలూ. నాలుగోది వాము, ఐదోది నల్లనువ్వులు, ఆరోది ఆవాలు. ఏడోది ఎలుకల కోసం చేసిన పిప్పరమెంటు బిళ్లల్లా సన్నటి బిళ్లలు.

ఒక్కటీ తేలలేదు. ప్రతి మందుకూ రంధ్రాలు పైకీ కిందికీ చెదిరిపోయేవి. నాలుగు తూటాలు ఒకదాని పక్కన ఒకటి పడితే, ఐదోది పైకెక్కి కూర్చునేది. రవ్వ ఎండకు మెత్తబడిందన్నాడు. చాయ్‌పత్తికి తేమ పట్టిందన్నాడు, ఆ ఊళ్లో వాన పడి నెలలైంది. గసగసాల డబ్బా మూత తీసి వాసన చూసి, ప్రయాణంలో అలసిపోయింది, విశ్రాంతి కావాలన్నాడు. దాన్ని మూడు రోజులు దుప్పటి కప్పి పడుకోబెట్టాం. వామును తెచ్చేటప్పుడు కారు ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాడు. ముందు సీట్లో ఉన్న నన్ను దింపి వెనక్కి పంపాడు. నేను బెల్టు పెట్టుకున్నానో లేదో చూడలేదు.

నా మీద ఆయనకు అనుమానం రాలేదు. వచ్చి ఉంటే నేనే ఊరుకునేవాణ్ని కాదు. కాంటా మీద అంకె ఆయన కళ్లముందే కనబడేది, వెంట్రుకవాసి తేడా లేదు. పైగా ఒక్కో గొట్టంలో మందు పోసేటప్పుడు, ఈసారన్నా ముసలాయన గురి కుదరాలి, నా బిడ్డకు గుండు కావాలి అని రాజన్నను తలుచుకునేవాణ్ని. అంత శ్రద్ధగా కన్నతండ్రికి కూడా తూచి ఉండను.

ఇంకా మండుకొచ్చే సంగతి ఒకటుంది. క్లబ్బుకు ఒక పళ్ల డాక్టరు వచ్చేవాడు. నలభై ఏళ్ల మనిషి, నన్ను పిలవాలంటే ఈల వేసేవాడు. సలాం చెబితే తల కూడా ఊపడు. ముదీర్ వద్దని పక్కన పెట్టిన బొంబాయి రవ్వనే ఆయన వాడేవాడు. ఆయన తూటాలూ నేనే తూచేవాణ్ని, పళ్లు కొరుక్కుంటూ, ఎప్పుడు అయిపోతాయా అని. ఆ రవ్వతోనే ఆయన పది రంధ్రాలూ ఒక కుబూసు రొట్టె ముక్క కింద దాచేయవచ్చు, అంత దగ్గరగా కొట్టేవాడు. ముదీర్ ఆ కాగితాన్ని భూతద్దంతో చూసి, "వయసులో ఉన్నాడు, చెయ్యి కుదురు" అనేవాడు. అని తన కుడిచేతిని తోబు జేబులో పెట్టుకునేవాడు. అప్పుడు నాకు ఆయన మీద చెప్పలేనంత జాలి కలిగేది. మరునాడు ఇంకా శ్రద్ధగా తూచేవాణ్ని.

ఎనిమిదో డబ్బా వచ్చింది. అచ్చం రాగులు. దసరాకు నెల కూడా లేదు.

మా క్లబ్బులో పిస్తోళ్లు బాగుచేసే ఉస్తాదు ఒకడుండేవాడు. పెషావర్ వైపు మనిషి, రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. ముదీర్‌కూ ఆయనకూ పడదు. పాత పిస్తోలు ఒకదాన్ని ఎలా బాగుచేయాలన్న దాని మీద గొడవై, ఇద్దరూ పని ఉంటే తప్ప పలకరించుకునేవారు కాదు. ఒక మధ్యాహ్నం ఉస్తాదు నూనె సీసా కోసం మందు గదిలోకి వచ్చి, నా వెనక ఆగిపోయాడు. నేను తూచాను. గిన్నె ఎత్తి గొట్టంలో పోశాను. పక్కన పెట్టాను. ఇంకో గొట్టం తీసుకోబోతుంటే నా మణికట్టు పట్టుకున్నాడు.

"క్యా డాలా?" అన్నాడు. ఏం వేశావని.

"కుఛ్ నహీ," అన్నాను. ఏం వేయలేదు కదా మరి.

ఆయన నా బొటనవేలూ చూపుడువేలూ విడదీసి నా మొహం ముందు పెట్టాడు. వాటి మధ్య నల్లటి రాగులు మూడు అంటుకుని ఉన్నాయి.

 ఉస్తాదు అప్పుడే నింపిన గొట్టాన్ని గిన్నెలో వంచి కాంటా మీద పెట్టాడు. అంకె ఎక్కువ. ఇంకోటి వంచాడు. అదీ ఎక్కువే, అయితే ఇంకోలా ఎక్కువ. ఇలా ఆరు చూశాడు. తర్వాత పక్క ట్రేలో ఉన్న డాక్టరు గొట్టాలు వంచాడు. గీత గీసినట్టు సరిగ్గా ఉన్నాయి, ఒక్క గింజ తేడా లేదు.

అప్పుడు అర్థమైంది నాకు. నేను కొసరు వేస్తున్నాను.

పదిహేనేళ్లు కొట్లో చేసిన పని అది. పప్పు తూస్తాం, పొట్లంలో పోస్తాం. తూకం అయిపోయాక, పొట్లం కట్టే ముందు, డబ్బాలోంచి ఒక చిటికెడు తీసి పైన వేస్తాం. అది కాంటాకు తెలియదు, లెక్కలోకి రాదు. మనవాడు, నాలుగు గింజలు ఎక్కువ పోనీ అని చెయ్యి దానంతట అదే పోతుంది. నచ్చనివాడికి పోదు. మా ఊళ్లో నా తూకం రాళ్లను అనుమానంగా తిప్పి చూసే ఒక మాస్టారు ఉండేవాడు. ఆయనకు పదిహేనేళ్లలో ఒక్క గింజ కొసరు వేసినవాణ్ని కాదు. డాక్టరు గారికి నా చెయ్యి ఆ మాస్టారి తూకమే తూచింది. ముదీర్‌కు మాత్రం, పాపం ముసలాయన అనుకున్నప్పుడల్లా, చిటికెడు. జాలి ఎక్కువైన రోజు కాస్త పెద్ద చిటికెడు.

"బారూద్ హై, చావల్ నహీ!" అని ఉస్తాదు నా మీద అరిచాడు. బియ్యం కాదురా, తుపాకీ మందు అని. ముదీర్ మందు ఎప్పుడూ తక్కువ మోతాదులో పోయించుకుంటాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ చిటికెడుకు పిస్తోలు పగిలి చెయ్యి ఎగిరిపోయేదన్నాడు.  ఆ కీళ్లనొప్పుల చెయ్యి, జేబులో దాచుకునే చెయ్యి, నా ప్రేమ వల్ల పోయి ఉండేది. నింపినవన్నీ ఇద్దరం కూర్చుని పారబోసి మళ్లీ తూచాం. నా ప్రాణం కుదుటపడడానికి రెండు రోజులు పట్టింది.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. నా సెలవు ఆపింది ముదీర్ కాదు, మందు కాదు. నేనే. నా బిడ్డ తలలో పేలకు కారణం నా బొటనవేలు.

తెలిసింది కదా, ఇక మానేస్తే సరిపోతుందనుకున్నాను. చెయ్యి మానితేగా! గట్టిగా అనుకుని మొదలుపెట్టేవాణ్ని. మూడు గొట్టాలు బాగానే పోయేవి. నాలుగోదానికి మనసు కాస్త అటు తిరిగిందో లేదో, వేళ్లు డబ్బాలో ఉండేవి. కుడిచెయ్యి లాల్చీ జేబులో పెట్టుకుని ఎడమచేత్తో తూచాను. ఎడమచెయ్యి కూడా నేర్చుకునేలా ఉంది. చివరికి ఉస్తాదు కరెంటు తీగలకు చుట్టే నల్లటేపు తెచ్చి, నా కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ విడివిడిగా లావుగా చుట్టాడు. చెంచా పట్టుకోవచ్చు, చిటికెడు తీయడానికి కుదరదు. పక్కన స్టూలు మీద కూర్చుని నా చేతినే చూస్తూ పాన్‌పరాగ్ లాంటిదేదో నమిలాడు. ముదీర్ వచ్చి ఏమైందని అడిగితే తెగిందని చెప్పాను.

ఆ పూట ముదీర్ పది తూటాలు కాల్చాడు. పది రంధ్రాలు కలిసి ఒకే చిరుగు అయింది. ఆయన కాగితం దగ్గరికి నడిచిపోయి, భూతద్దం తీసి, చాలాసేపు చూశాడు. ఇంకో పది కాల్చాడు. మళ్లీ అదే. వెనక్కి వచ్చి రాగుల డబ్బాను రెండు చేతులా ఎత్తి ముద్దుపెట్టుకున్నాడు.

మరునాడు మధ్యాహ్నం గొర్రెను కోయించి విందు చేశాడు. అతిథుల గది మజ్లిస్‌లో నేల మీద పెద్ద పళ్లెంలో మాంసపు అన్నం కబ్సా, చుట్టూ క్లబ్బు పెద్దలు. మధ్యలో ఒక మెత్తటి దిండు, దిండు మీద రాగుల డబ్బా. వచ్చినవాళ్లందరూ దాని ముందు ఆగి మాషా అల్లా అంటున్నారు. డాక్టరు కూడా వంగి చూసి, తనకూ ఒకటి తెప్పించమన్నాడు. ఏడు మందులు ఎడారి వేడికి ఎందుకు పనికిరావో ముదీర్ వాళ్లకు గంటసేపు వివరించాడు. టేపు చుట్టిన వేళ్లతో నేను అందరికీ గహ్వా కాఫీ పోశాను. 

అందరూ పోయాక చేతులు కట్టుకుని అడిగాను. "బాబా, మందు తేలింది. సెలవు."

ఆయన నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. "ఇప్పుడా? మందు కుదిరింది, నీ చెయ్యి కుదిరింది, ఇప్పుడు పోతావా? ఈ మందును నువ్వు తప్ప ఎవడూ తాకకూడదు. చలికాలం పోటీ కానీ. ఆ మరునాడే పంపిస్తాను, వల్లాహ్."

చలికాలం పోటీకి మూడు నెలలుంది. మూడో ఏడు నిండడానికి పందొమ్మిది రోజులుంది. మందు కుదరకపోతే సెలవు లేదు, కుదిరితే అసలే లేదు. నాకు కోపం వచ్చింది. భయం కన్నా కోపం ఎక్కువైన రోజున మనిషి నిజం చెప్పేస్తాడు కాబోలు.

"మందు మంచిదే బాబా. రవ్వ మంచిదే, గసగసాలు మంచివే, ఎనిమిదీ మంచివే," అన్నాను. "చెడ్డది నా చెయ్యి." టేపు ఊడదీసి, ఆయన ముందే ఒక గొట్టం నింపి, డబ్బాలోంచి చిటికెడు తీసి పైన వేసి చూపించాను.

ముదీర్ లేచాడు. ఇనప అల్మారా తెరిచి, ఏడాదిన్నర కింద కొట్టిపారేసిన బొంబాయి రవ్వ తీశాడు. ఉస్తాదును పిలిపించి, నా వేళ్లకు టేపు చుట్టించి, నాతో పది తూటాలు తూయించాడు. పోయి కాల్చాడు. కాగితం మీద ఒకే చిరుగు. అక్కడే ఎండలో ఆ కాగితం పట్టుకుని నిలబడిపోయాడు. నన్ను పోలీసులకు ఇస్తాడా, కొడతాడా అని నేను చట్రం వెనక నిలబడి చూస్తున్నాను.

"ఎందుకు వేశావు?" అన్నాడు చివరికి.

నాకు వచ్చిన అరబ్బీలో కొసరు ఎలా చెప్పాలో తెలియలేదు. "మా దగ్గర సొంతమనిషికి తూచినంతే ఇవ్వరు బాబా. కొంచెం పైన వేస్తారు. అలవాటు. చెయ్యి వేసింది, నేను కాదు."

"అందరికీ వేస్తావా?"

"నచ్చినవాళ్లకే."

ఆయన కళ్లు చిన్నవయ్యాయి. "డాక్టరుకు?"

"లేదు బాబా. ఆయనకు ఒక్క గింజ కూడా వేయలేదు."

ముదీర్ మొదట దగ్గాడనుకున్నాను. నవ్వు. ఆ నవ్వు ఆగక ఇసుకకట్టను పట్టుకుని కూర్చుండిపోయాడు. తలగుడ్డ గుత్రా జారిపోయింది. "అందుకా గెలుస్తున్నాడు వాడు! అందుకా!" అని తొడ కొట్టుకున్నాడు. తర్వాత తన కుడిచెయ్యి చాపి, ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. ఏడాదిన్నరగా ఆ చేతిని లోలోపల తిట్టుకుంటూ ఉన్నాడని అప్పుడు తెలిసింది నాకు. నేను తల దించుకున్నాను. ఆయన ముందు అంత సిగ్గుపడింది అదొక్కసారే.

"నువ్వు పోతే ఎవరు తూస్తారు?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"ఉస్తాదు."

"వాడికి నేనంటే ఇష్టమా?"

ఉస్తాదు పక్కనే నిలబడి ఉన్నాడు. అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు. "లేదు బాబా."

"ఖైర్, మంచిదే. వాడే తూస్తాడు," అన్నాడు.

సర్కారు యాప్ తెరిచాడు. చిన్న అక్షరాలు, కీళ్లనొప్పుల వేళ్లు, ఎక్కడ నొక్కినా ఇంకేదో తెరుచుకుంటోంది. రెండుసార్లు ప్రయత్నించి, ఫోను నా చేతిలో పెట్టాడు. "నువ్వే నొక్కు. ఎన్ని రోజులో నువ్వే వెయ్యి." మూడేళ్లుగా ఎదురుచూసిన సెలవును నాకు నేనే ఇచ్చుకున్నాను. అరవై రోజులు వేసి, మంజూరైందని పచ్చ టిక్కు వచ్చేదాకా చూసి, ఫోను ఆయనకు తిరిగిచ్చాను. 

వెంటనే ఇంటికి ఫోను చేశాను. "దొరికిందే. బుధవారం బయలెల్లుతున్న," అన్నాను. నా భార్య ఒక్క అరుపు అరిచి అటు తిరిగింది. "బిడ్డా, బాపు అస్తుండు! గుడికి పోయి పుట్టెంటికలు తీపిద్దాం!"

 అటు ఏదో గిన్నె దొర్లిన చప్పుడు. ఆ తర్వాత ఏడుపు, ఊరంతా వినబడేలా.

"ఏమైందే?"

"మంచం కిందికి ఉరికింది. రెండు జడలు రెండు చేతుల్ల వట్టుకున్నది."

"ఏమంటది?"

నా భార్య చెప్పడానికి జంకింది. "చిన్న పోరి గదయ్యా. ఎంటికలు తీస్తరని బుగులు."

"ఫోను ఆడ వెట్టు," అన్నాను.

పెట్టింది. మంచం కింద ఎక్కిళ్లు వినబడుతున్నాయి, చాలా దగ్గరగా.  మాటలు వచ్చినప్పటినుంచీ ప్రతి శుక్రవారం ఆ పిల్ల నాతో మాట్లాడుతూనే ఉంది. నమస్తే అను, ముద్దు పెట్టు, ఎప్పుడస్తవని అడుగు అని వాళ్లమ్మ పక్కనుంచి అందిస్తుంటే, అందించినంత మేరకు అనేసి ఆటకు పోయేది.

"బిడ్డా," అన్నాను.

ఎక్కిళ్లు ఆగాయి.

"అద్దు. నువ్వు రాకు," అంది.

నాకు నవ్వొచ్చింది. ఎవరూ అందించకుండా నా బిడ్డ నాతో అన్న మొదటి మాట అది.